శత్రువు లేని మరణం: ట్యాంకు దళాల శిక్షణ ప్రమాదాలు – రాయలసీమ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
సైనికుడి మరణం అనగానే శత్రువు, యుద్ధం, వీరత్వం అనే మూడు భావనలు కలిసి గుర్తుకు వస్తాయి. సొంత సేన కాల్పుల్లోను, సొంత ఆయుధం పేలడం వల్లను, శిక్షణ సమయంలోను మరణించిన ట్యాంకు సిబ్బంది విషయంలో ఈ మూడూ ఒకచోట కలవవు. 2024లో లద్దాఖ్‌లోని శ్యోక్ నదిలో జరిగిన ట్యాంకు ప్రమాదాన్ని ప్రధానాంశంగా తీసుకొని, కడప జిల్లా గండికోటలో 17వ శతాబ్దంలో విఫలమైన ఫిరంగుల పోత మొదలుకొని నేటి పరిహార నిబంధనల వరకు, ఇటువంటి మరణాల కారణాలు ఎలా నమోదయ్యాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మృతుడికి ఇచ్చే గౌరవం, మరణానికి గల కారణం రెండూ ఒకేచోట నమోదు కావలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ట్యాంకు దళం, స్వపక్ష కాల్పులు, శిక్షణ ప్రమాదం, శ్యోక్ నది, గండికోట, వీరగల్లు, వీరమరణం.

1. ప్రవేశిక

2024 జూన్ 28 రాత్రి తూర్పు లద్దాఖ్‌లోని ససేర్ బ్రాంగ్సా సమీపంలో, శిక్షణ ముగించుకొని తిరిగివస్తున్న భారత సైన్యపు టి-72 ట్యాంకు శ్యోక్ నదిలో చిక్కుకుపోయింది. నీటిమట్టం అకస్మాత్తుగా పెరగడమే ఇందుకు కారణమని, సహాయక బృందాలు చేరుకున్నప్పటికీ ప్రవాహ ఉధృతి వల్ల రక్షణ ప్రయత్నం ఫలించలేదని సైన్యం ప్రకటించింది. ట్యాంకులో ఉన్న ఐదుగురూ మరణించారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. ప్రకాశం, కృష్ణా, బాపట్ల జిల్లాల నుండి వెళ్లినవారు.

మృతులలో ఒకరైన జూనియర్ కమిషన్డ్ అధికారి స్వస్థలం అప్పటి ప్రకాశం జిల్లా రాచర్ల మండలం. గిద్దలూరును ఆనుకొని, నల్లమలకు తూర్పున ఉన్న ఈ మెట్టప్రాంతం 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో భాగం. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. పాలనపరంగా విడిపోయినా వానచినుకు కోసం ఎదురుచూసే సేద్యంలోను, మాటతీరులోను, బతుకుతెరువు కోసం బయటికి వెళ్లే అలవాటులోను గిద్దలూరు ప్రాంతానికి కర్నూలు, కడప జిల్లాలతో ఉన్న పోలికలు తెగిపోలేదు. నీటికి కరువైన నేల నుండి వెళ్లిన సైనికుడు వేసవి మంచు కరిగి పొంగిన నదిలో మరణించాడు. అక్కడ శత్రువు లేడు, తూటా పేలలేదు. అయినా అది విధినిర్వహణలో సంభవించిన సైనిక మరణం. దీనిని చరిత్ర ఏ శీర్షిక కింద నమోదు చేయాలన్నదే ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న.

2. పదాలు – పరిధి

సొంత సేన కాల్పుల్లో సైనికులు మరణించడాన్ని తెలుగు పత్రికలు ‘ఫ్రెండ్లీ ఫైర్’ అని ఆంగ్లపదంతోనే రాస్తున్నాయి. ‘స్నేహపూర్వక కాల్పులు’ అనే అనువాదం అర్థాన్ని తలకిందులు చేస్తుంది. ఈ వ్యాసంలో ‘స్వపక్ష కాల్పులు’ అనే పదం వాడడమైనది. శత్రువుగా పొరబడి సొంతవారిపై జరిపిన కాల్పులు దీని పరిధిలోకి వస్తాయి. ఆయుధలోపం, మందుగుండు పేలుడు, వాహన ప్రమాదం, నదిని దాటే సమయంలో మునక వంటివి శత్రువుతో సంబంధం లేకుండా శిక్షణలో జరిగినప్పుడు వాటిని ‘శిక్షణ ప్రమాదాలు’గా పరిగణించడమైనది.

మరణాన్ని సూచించే తెలుగు మాటల్లోనే ఒక వర్గీకరణ దాగి ఉంది. రోడ్డు ప్రమాదంలో పోయినవారిది ‘దుర్మరణం’. సైనికుడిది ‘వీరమరణం’. శిక్షణలో జరిగిన ప్రమాదంలో సైనికుడు పోయినప్పుడు పత్రికా రచన సాధారణంగా రెండవ పదాన్నే ఎంచుకుంటుంది. ఆ ఎంపికలో గౌరవం ఉంది. కానీ ‘దుర్మరణం’ అన్నప్పుడు వెంటనే పుట్టే ‘ఎలా జరిగింది, ఎవరి నిర్లక్ష్యం’ అనే ప్రశ్న ‘వీరమరణం’ అన్నప్పుడు పుట్టదు. పదం మారగానే ప్రశ్న కూడా మారిపోతున్నది.

ఈ విషయంలో సైన్యం పాటించే పదజాలం పత్రికల కన్నా సంయమనంతో ఉండడం గమనార్హం. ‘షహీద్’, ‘మార్టియర్’ అనే మాటలు సాయుధ బలగాల అధికారిక పరిభాషలో లేవని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. 2022 ఫిబ్రవరిలో సైనిక ప్రధాన కార్యాలయం తన కమాండ్లకు లేఖ రాస్తూ ఆ పదానికి బదులు విధినిర్వహణలో ప్రాణాలర్పించారు, అత్యున్నత త్యాగం చేశారు వంటి ప్రయోగాలను సూచించింది.

3. గండికోట: పూర్తికాని ఫిరంగులు

ఆయుధం శత్రువు కన్నా ముందు దానిని తయారుచేసేవారిని, పేల్చేవారిని పరీక్షిస్తుందన్న సత్యానికి కడప జిల్లాలోనే పాత నిదర్శనం ఉంది. పెన్నానది లోయ అంచున ఉన్న గండికోటను పెమ్మసాని నాయకుల నుండి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650 ప్రాంతంలో స్వాధీనం చేసుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నవ్యాపారి తావెర్నియే అక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. అతని యాత్రాకథనంలో క్లోద్ మాయ్ అనే ఫ్రెంచి పనివాని ప్రస్తావన ఉంది.

ఆ కథనం ప్రకారం, ఇరవై ఫిరంగులు పోతపోయాలని మీర్ జుమ్లా ఆదేశించాడు. వాటిలో పది 48 పౌన్ల గుండువి, పది 24 పౌన్ల గుండువి. ఇందుకు కావలసిన రాగిని ఆలయాలలోని విగ్రహాల నుండి సమకూర్చారు. అయితే మాయ్ ఒక్క ఫిరంగినైనా సక్రమంగా పూర్తిచేయలేకపోయాడు. కొన్ని పగిలాయి, కొన్ని అసంపూర్ణంగా మిగిలాయి. చివరికి అతడు ఆ కొలువు వదిలిపోయాడు. గండికోట ఆలయంలోని విగ్రహాలు కరగకపోవడానికి మంత్రప్రభావమే కారణమన్న అనుమానం అప్పుడు వచ్చినట్లు కూడా తావెర్నియే రాశాడు.

ఈ ఉదంతాన్ని సాధారణంగా మతచరిత్రలో భాగంగా చదువుతారు. సాంకేతిక చరిత్రగా చదివితే వేరొక అంశం కనిపిస్తుంది. కరిగిన లోహంలో గాలి చిక్కినా, లోహాల పాళ్లు కుదరకపోయినా, చల్లారడంలో హెచ్చుతగ్గులు వచ్చినా ఫిరంగి గొట్టంలో కంటికి కనిపించని పగులు మిగులుతుంది. పోత దశలోనే పగిలిన ఫిరంగి కొలిమి దగ్గరే తన లోపాన్ని బయటపెట్టుకుంది. అలా బయటపడని లోపం మందు నింపి నిప్పంటించిన రోజున, పక్కన నిలబడిన ఫిరంగివాని మీద బయటపడుతుంది. గండికోటలో వైఫల్యానికి మంత్రాన్ని కారణంగా అనుమానించారు. కారణాన్ని లోహంలో వెదకవలసిన చోట మరొకచోట వెదకడం ఆ కాలానికే పరిమితమైన అలవాటు కాదు.

4. ట్యాంకు లోపలి ప్రమాదం

మైదానంలో ఫిరంగి పేల్చేవాడు కనీసం నాలుగడుగులు వెనక్కి జరగగలడు. ట్యాంకు సిబ్బందికి ఆ అవకాశం లేదు. టి-72, టి-90 ట్యాంకులలో కమాండర్, గన్నర్ టరెట్‌లోను, డ్రైవర్ ముందుభాగంలోను కూర్చుంటారు. 125 మిల్లీమీటర్ల ఫిరంగికి గుండును, దానిని తోసే మందును వేర్వేరు భాగాలుగా యంత్రమే అందిస్తుంది. ఆ గుండ్లు, మందు సిబ్బంది పాదాల కిందనే వలయాకారంలో అమరి ఉంటాయి. శత్రువు నుండి రక్షించవలసిన ఉక్కు గోడలే లోపల పేలుడు జరిగితే ఒత్తిడిని, మంటను బయటికి పోనివ్వవు.

2022 అక్టోబరు 6న ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీ సమీపాన బబీనా ఫైరింగ్ రేంజిలో వార్షిక కాల్పుల శిక్షణ జరుగుతుండగా టి-90 ట్యాంకు ఫిరంగి గొట్టం పేలింది. కమాండర్, గన్నర్ కాలిన గాయాలతో మరణించారు. డ్రైవర్ గాయపడ్డాడు. 2024 అక్టోబరు 10న నాసిక్ సమీపంలోని దేవ్‌లాలీలో శతఘ్ని శిక్షణలో గుండు పేలి ఇద్దరు అగ్నివీరులు మరణించారు. వారు హైదరాబాదులోని ఆర్టిలరీ సెంటర్ నుండి శిక్షణకు వెళ్లిన బృందంలోనివారు.

ఇటువంటి ఘటనలలో లోపం గొట్టానిదా, మందుగుండుదా, నిర్వహణదా అన్న వివాదం తరచుగా వస్తుంది. 2014 – 2020 మధ్య లోపభూయిష్టమైన మందుగుండుతో ముడిపడిన 403 ప్రమాదాలలో 27 మంది మరణించారని, 159 మంది గాయపడ్డారని, సుమారు 960 కోట్ల రూపాయల విలువైన మందుగుండు వృథా అయిందని సైన్యపు అంతర్గత అంచనా పేర్కొన్నట్లు 2020 సెప్టెంబరులో పత్రికలు వెల్లడించాయి. ఆ జాబితాలో 125 మిల్లీమీటర్ల ట్యాంకు మందుగుండు కూడా ఉంది. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు దీనిని అంగీకరించలేదు. ఆయుధ నిర్వహణ, కాల్పుల పద్ధతి వంటివి కూడా కారణాలేనని వాదించింది. 2021 అక్టోబరు 1న ఆ బోర్డు రద్దయి ఏడు ప్రభుత్వ సంస్థలుగా మారింది. మెదక్ ఆయుధ కర్మాగారం వాటిలో ఒకటైన ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ పరిధిలోకి వెళ్లింది. సంస్థల రూపం మారినా, లోపం ఎక్కడ ఉందో ఎవరు తేల్చాలి, తేలినదానిని ఎవరికి చెప్పాలి అనే ప్రశ్న మిగిలే ఉంది.

ఈ ప్రశ్నకు బ్రిటన్‌లో జరిగిన ఒక ఘటన సమాధానం సూచిస్తుంది. 2017 జూన్ 14న వేల్స్‌లోని కాసిల్‌మార్టిన్ రేంజిలో ఛాలెంజర్-2 ట్యాంకులో పేలుడు సంభవించి నలుగురు సిబ్బందిలో ఇద్దరు మరణించారు. ఫిరంగి వెనుకభాగంలో వేడివాయువులు లోపలికి రాకుండా అడ్డుకునే ఒక చిన్న భాగం తిరిగి బిగించకపోవడం, మందు సంచులు నిర్దేశించిన పెట్టెలలో కాక బయట ఉండడం కారణాలని విచారణలో తేలింది. ఆ భాగం లేకుండా కూడా ఫిరంగి పేలగలదన్న సంగతిని రూపకల్పన దశలో ఎవరూ ఊహించలేదని కూడా బయటపడింది. ఆ విచారణ నివేదికను ప్రజలకు అందుబాటులో ఉంచారు. సిబ్బంది పొరపాటుతో ఆగిపోకుండా ఆ పొరపాటుకు చోటిచ్చిన రూపకల్పన వరకు విచారణ వెళ్లడం ఇక్కడ ముఖ్యం.

ఆయుధ విఫలతను ముందుగా ఊహించే పద్ధతి రాయలసీమకు అపరిచితం కాదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు సమీపంలో రక్షణ పరిశోధన సంస్థకు ప్రయోగ క్షేత్రం ఉంది. ట్యాంకులను ఛేదించే తేలికపాటి క్షిపణిని 2019 సెప్టెంబరు 11న కర్నూలు ప్రాంతపు రేంజిలోనే పరీక్షించారు. లక్ష్యంగా నిలిపినది ట్యాంకును పోలిన నమూనా. ప్రయోగం అంటేనే ఆయుధం దారితప్పవచ్చునన్న ఊహతో ప్రమాదపరిధిని ముందే గీసుకోవడం. పరీక్షలు పూర్తయి ఆయుధం దళానికి చేరిన తరువాత ఆ ఊహ సడలుతుంది. శిక్షణ ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి.

5. గుర్తింపులో పొరపాటు

స్వపక్ష కాల్పుల స్వభావం ఇందుకు భిన్నమైనది. ఇక్కడ ఆయుధం సక్రమంగానే పనిచేస్తుంది. చూపు మాత్రమే తప్పుతుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికన్ సైనికులలో 35 మంది మృతికి, 72 మంది గాయపడడానికి స్వపక్ష కాల్పులు కారణమని తేలింది. ఆ యుద్ధంలో పోరాటంలో మరణించిన అమెరికన్లలో ఇది సుమారు నాలుగోవంతు. ధ్వంసమైన తొమ్మిది అబ్రామ్స్ ట్యాంకులలో ఏడు సొంతసేన కాల్పులకు గురైనవే. మిగిలిన రెండింటిని శత్రువు చేతికి చిక్కకుండా తామే నాశనం చేసుకున్నారు. ఫిరంగి చేరగల దూరం, కంటికి గుర్తుపట్టగల దూరాన్ని మించిపోవడమే దీని మూలం. 2003 మార్చి 25న బాస్రా వద్ద ఒక ఛాలెంజర్-2 మరొక ఛాలెంజర్-2ను కొట్టి ఇద్దరి మరణానికి కారణమైన సందర్భంలోనూ వేడిని చూపే తెరపై కనిపించిన ఆకారాలను శత్రువుగా భావించారు. యంత్రం వేడిని చూపగలిగింది కానీ, ఆ వేడి ఎవరిదో చెప్పలేకపోయింది.

భారతదేశంలో ఇటువంటి పొరపాటును అధికారికంగా అంగీకరించిన ఉదాహరణ ట్యాంకు దళానిది కాకపోయినా ఇక్కడ ప్రస్తావనార్హం. 2019 ఫిబ్రవరి 27న కశ్మీరులోని బడ్గాం వద్ద వైమానిక దళపు సొంత క్షిపణి తగిలి ఎంఐ-17 హెలికాప్టర్ కూలింది. ఆరుగురు వైమానిక సిబ్బంది, నేలమీద ఒక పౌరుడు మరణించారు. ఆ ఏడాది అక్టోబరులో వైమానిక దళాధిపతి దానిని పెద్ద తప్పుగా బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ అంగీకారం వల్ల మృతుల గౌరవం తగ్గలేదు. కుటుంబాలకు తమవారు ఎలా పోయారో తెలిసింది.

6. శ్యోక్: నీరు శత్రువైన చోటు

శ్యోక్ ప్రమాదంలో ఆయుధలోపమూ లేదు, గుర్తింపు పొరపాటూ లేదు. టి-72 ట్యాంకు ప్రత్యేక సన్నాహం లేకుండా సుమారు 1.2 మీటర్ల లోతు నీటిని దాటగలదు. గాలిగొట్టం అమర్చి, రంధ్రాలు మూసి సిద్ధం చేస్తే ఐదు మీటర్ల వరకు వెళ్లగలదు. ఈ రెండు అంకెల మధ్య తేడా సిబ్బంది ప్రాణాలకు సంబంధించినది. హిమనదుల నుండి వచ్చే నదులలో వేసవిలో పగటి ఎండకు కరిగిన నీరు దూరాన్నిబట్టి సాయంత్రానికో రాత్రికో దిగువకు చేరుతుంది. పగలు దాటిన రేవు రాత్రికి అదే రేవుగా ఉండదు. ‘శ్యోక్’ అంటే యార్కండీ భాషలో మృత్యునది అని అర్థం చెబుతారు. ఆ దారిన నడిచిన వర్తకుల బిడారులకు తెలిసిన ప్రమాదమే ఆ పేరులో నిలిచిందని భావించవచ్చు.

ఉక్కు బరువు, రాత్రి, ఎత్తైన ప్రదేశపు చలి, పెరుగుతున్న నీరు అనే నాలుగూ కలిసినప్పుడు సిబ్బంది ధైర్యం చేయగలిగింది స్వల్పం. నీటిమట్టంపై ముందస్తు సమాచారం, దాటవలసిన వేళ, రేవు వద్ద సహాయక వాహనం వంటి ఏర్పాట్లే ఇటువంటిచోట ప్రాణరక్షణ సాధనాలు. ఇవి వ్యక్తి వీరత్వానికి కాక వ్యవస్థ సంసిద్ధతకు సంబంధించినవి.

7. పరిహార నిబంధనలలో మరణం

మరణానికి గల కారణం కుటుంబ జీవనాన్ని నేరుగా నిర్ణయిస్తుంది. రక్షణ మంత్రిత్వశాఖ 2001 జనవరి 31 నాటి ఉత్తర్వు సైనిక మరణాలను ‘ఎ’ నుండి ‘ఇ’ వరకు ఐదు వర్గాలుగా విభజించింది. విధినిర్వహణలో ప్రయాణ ప్రమాదాలు, శిక్షణలో జరిగే ప్రమాదాలు ‘సి’ వర్గంలో ఉన్నాయి. యుద్ధం, సరిహద్దు ఘర్షణలతో పాటు నిజమైన మందుగుండుతో జరిపే యుద్ధవాతావరణ శిక్షణ కూడా ‘ఇ’ వర్గంలో చేరింది. ‘సి’ వర్గపు మరణాలకు చివరి వేతనంలో 60 శాతం ప్రత్యేక కుటుంబ పింఛను, ‘ఇ’ వర్గపు మరణాలకు చివరి వేతనానికి సమానమైన ఉదార కుటుంబ పింఛను వర్తిస్తాయి. 2016 జనవరి 1 నుండి అమలైన ఎక్స్‌గ్రేషియాలోనూ విధినిర్వహణలో ప్రమాదానికి 25 లక్షలు, నిర్దేశిత ఎత్తైన ప్రాంతాలలో ప్రకృతి వైపరీత్యాలకు, తీవ్ర వాతావరణానికి 35 లక్షలు, యుద్ధంలో శత్రుచర్యకు 45 లక్షల రూపాయలు అనే తేడాలు ఉన్నాయి.

శిక్షణలో పేలిన గుండు, శిక్షణ నుండి తిరిగివచ్చేటప్పుడు ముంచిన నది, ఎత్తైన ప్రాంతపు వాతావరణం అనేవి కాగితం మీద వేర్వేరు వర్గాలు. ఊరిలో మిగిలిన భార్యకు, తల్లిదండ్రులకు మాత్రం జరిగింది ఒకే నష్టం. ‘ఎలా మరణించాడు’ అన్న ప్రశ్నకు వచ్చే సమాధానం మీదనే పింఛను శాతం ఆధారపడినప్పుడు, ఆ సమాధానాన్ని నిర్ణయించే విచారణ ఆ కుటుంబానికి అర్థమయ్యేలా ఉండాలని కోరడం న్యాయం. సైనిక నియమాల ప్రకారం జరిగే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ ప్రధానంగా అంతర్గత ప్రక్రియ. భద్రతా రహస్యాలు ఉండే సందర్భాలలో అది సమంజసమే. కానీ నది లోతు, గొట్టం వయస్సు, బిగించని సీలు వంటి వివరాలన్నీ దేశరహస్యాలు కావు.

8. వీరగల్లు నుండి ఫ్లెక్సీ వరకు

మృతవీరులను స్మరించే సంప్రదాయం రాయలసీమలో ప్రాచీనమైనది. కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు ప్రాంతాలలో పొలాల గట్లమీద, గుడి ఆవరణలలో, చెరువు కట్టలమీద వీరగల్లులు నేటికీ కనిపిస్తాయి. వాటి శిల్పవిన్యాసం సాధారణంగా అంతస్తులుగా ఉంటుంది. కింద పోరాట దృశ్యం, దానిపైన వీరుని వెంట తీసుకువెళ్లే అప్సరసలు, ఆ పైన దైవసాన్నిధ్యం. అప్సరసల అంతస్తును చూసి వీరారాధనగా మాత్రమే వీటిని వ్యాఖ్యానించడం పరిపాటి.

కింది అంతస్తు, దానితోపాటు ఉండే శాసనం మరింత విలువైనవి. పశువులను మళ్లించుకుపోతుంటే అడ్డుపడ్డాడా, ఊరి రక్షణలో పడ్డాడా, పొలిమేర తగాదాలో పోయాడా, పులితోనో పందితోనో పెనుగులాడి మరణించాడా అన్న సంగతిని అది సూచిస్తుంది. శత్రువు మనిషే కానక్కరలేదు. క్రూరమృగంతో పోరాడి చనిపోయినవాడూ శిలకెక్కాడు. శిల చెక్కినవాడు మరణ కారణాన్ని దాచలేదు. స్వర్గాన్ని పైన చెక్కాడు, జరిగినదానిని కింద చెక్కాడు.

నేటి గ్రామాలలో ఆ స్థానాన్ని ఫ్లెక్సీలు, కూడలిలో నిలిపే విగ్రహాలు తీసుకున్నాయి. వాటిమీద యూనిఫాంలో ఉన్న ఫొటో, పుట్టిన తేదీ, మరణించిన తేదీ, జాతీయజెండా, నివాళి వాక్యం ఉంటాయి. పై అంతస్తు యథాతథంగా మిగిలింది, కింది అంతస్తు మాయమైంది. ప్రమాదంలో పోయిన సైనికుని విషయంలో ఈ లోపం మరీ స్పష్టం. కారణం రాస్తే గౌరవం తగ్గుతుందన్న భయం దీని వెనుక ఉండవచ్చు. వీరగల్లుల సంప్రదాయం ఆ భయానికి ఆధారం లేదని చూపుతున్నది.

9. ముగింపు

పై పరిశీలన నుండి ఈ అంశాలను నిర్ధారించవచ్చు.

1. గండికోటలో పగిలిన ఫిరంగి, బబీనాలో పేలిన గొట్టం వేర్వేరు కాలాలవైనా, లోపం శత్రువు కన్నా ముందు సొంతవారికి తగులుతుందన్న సత్యం ఒక్కటే. కారణాన్ని వెదకడంలో చూపే శ్రద్ధ మాత్రమే కాలాన్నిబట్టి మారుతుంది.

2. స్వపక్ష కాల్పులు, శిక్షణ ప్రమాదాలు భిన్న స్వభావాలు కలవి. మొదటిది గుర్తింపు సమస్య, రెండవది నిర్వహణ, రూపకల్పన, సమాచార సమస్య. రెండింటినీ ‘వీరమరణం’ అనే ఒకే పదంలో కలిపినప్పుడు నివారణ మార్గాలు కనుమరుగవుతాయి.

3. కాసిల్‌మార్టిన్ నివేదిక, బడ్గాం విషయంలో అధికారిక అంగీకారం అనేవి సత్యాన్ని వెల్లడించడం వల్ల సైనిక గౌరవానికి భంగం కలగదని రుజువు చేస్తున్నాయి.

4. పరిహారం మరణకారణంపై ఆధారపడే వ్యవస్థలో, రహస్యం కాని విచారణాంశాలను కుటుంబానికి వారి భాషలో అందించడం అవసరం.

శ్యోక్ నదిలో మరణించిన ఐదుగురిలో ముగ్గురి సొంత రాష్ట్రపు భాష తెలుగు. వారి గురించి ఆ భాషలో ఇప్పటికి మిగిలినవి ఎక్కువగా నివాళులే. ఆ రాత్రి నీరు ఎంత లోతున్నది, ఎప్పుడు పెరిగింది, దాటే నిర్ణయం ఏ సమాచారంతో జరిగింది అనే వివరాలు కూడా తెలుగులో నమోదైతే, మరో వేసవిలో మరో రేవు దగ్గర నిలబడబోయే యువకులకు అవి నివాళి కన్నా ఎక్కువగా ఉపయోగపడతాయి.